ఎనిమిది కెమెరాల పీవోఈ కిట్: బడికి, నర్సింగ్ హోమ్‌కి, అపార్ట్‌మెంట్‌కి కొనొచ్చా?

సీసీ కెమెరాల కోసం బజార్లో "8 ఛానల్ ఐపీ కిట్" అని అడిగితే ఏ షాపువాళ్లయినా చూపించేది దాదాపు ఒకటే సరుకు. 4 మెగాపిక్సెల్ కెమెరాలు ఎనిమిది, వెనకవైపు ఎనిమిది పీవోఈ (డేటా కేబుల్‌లోనే కరెంటూ ఇచ్చే) పోర్టులున్న ఎన్‌వీఆర్ (రికార్డింగు పెట్టె) ఒకటి, అందులో ఒక హార్డ్ డిస్క్, ఒక పెట్టె కేబుల్. బ్రాండు మారితే యాప్ పేరూ మెనూ రంగూ మారతాయి, పనిచేసే పద్ధతి మాత్రం అదే. అందుకే ఈ సమీక్ష ఒక కంపెనీ మోడల్ మీద కాదు, ఈ తరహా కిట్ మీద. తీర్పు ముందే చెప్పేస్తాం: కొనొచ్చు. బడి, చిన్న ఆస్పత్రి, ముప్పై నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, గోడౌన్ లాంటి వాటికి ఇంతకంటే పొందికైన ఏర్పాటు ఈ స్థాయిలో లేదు. అయితే డిస్కు, కేబుల్, పాస్‌వర్డ్ ఈ మూడింటినీ పట్టుబట్టి మార్పించుకోవాలి. మామూలుగా బిగించి వెళ్లిపోయే తీరుకు వదిలేస్తే పెట్టిన డబ్బులో సగం దండగే.

ముందు ఈ కిట్‌లో మాకు బాగా నచ్చిన గుణం గురించి. అమ్మేవాళ్లు మెగాపిక్సెళ్ల గురించే మాట్లాడతారు గానీ అసలు సొత్తు ఎన్‌వీఆర్ వెనక ఉన్న ఆ ఎనిమిది పోర్టులే. వాటిలో గుచ్చిన కెమెరాకు కరెంటూ డేటా ఒకే కేబుల్‌లో వెళ్తాయి, పక్కన అడాప్టర్ అక్కర్లేదు. అంతకంటే ముఖ్యం, ఆ కెమెరాలన్నీ ఎన్‌వీఆర్ తనకోసం నడుపుకునే విడి నెట్‌వర్క్‌లో ఉంటాయి. కొన్ని బ్రాండ్లలో ఆ అడ్రసులు 192.168.254తో, కొన్నింటిలో 10.1.1తో మొదలవుతాయి. ఆఫీసు వైఫైకి, ఫీజుల కంప్యూటర్‌కి, టాలీ ఉన్న మెషీన్‌కి ఈ నెట్‌వర్క్‌తో నేరుగా సంబంధం ఉండదు. రాత్రిపూట ఎవరో గేటు దగ్గర కెమెరా ఊడదీసి ఆ వైరుకు ల్యాప్‌టాప్ తగిలించారనుకోండి, వాళ్లకు ఎదురుపడేది ఎన్‌వీఆర్, మిగతా కెమెరాలే. అదే కెమెరాలను ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చితే ప్రహరీ గోడ మీది వైరు నేరుగా మీ అకౌంట్స్ గదిలోకి దారి తీస్తుంది. విడి స్విచ్ కొని వీల్యాన్ కట్టి (నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీసి) చేసే పని ఈ పెట్టె ఏమీ అడక్కుండా చేసిపెడుతోంది. కొన్ని మోడళ్లలో బయటి నెట్‌వర్క్ నుంచి కెమెరా పేజీని తెరిచే "వర్చువల్ హోస్ట్" అనే సెట్టింగ్ ఉంటుంది. రిపేరు సమయంలో తప్ప దాన్ని ఆపి ఉంచాలి, లేకపోతే ఈ గోడకు మనమే కన్నం పెట్టినట్టు.

ఈ విడదీత ఎందుకంత అవసరమో 2016లో లోకమంతా చూసింది. మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాము) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ (పాత రకం రికార్డర్లు) రౌటర్లనూ లక్షల్లో పట్టుకుని, ఆ అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చూపించే (డీఎన్ఎస్) డైన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పింది. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. 2021 సెప్టెంబరులో బయటపడిన సీవీఈ-2021-36260 (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు) ఇంకా తీవ్రమైంది. హిక్‌విజన్ కెమెరాల్లో పాస్‌వర్డ్‌తో పనిలేకుండానే బయటివాళ్లు కమాండ్లు నడపగలిగే లోపం అది. కంపెనీ సరిచేసిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, కానీ ఫర్మ్‌వేర్ విడుదలైనంత మాత్రాన గోడ మీది కెమెరాలోకి దానంతటదే రాదు. ఈ కిట్‌లో కెమెరాలు ఇంటర్నెట్‌కు కనబడవు కాబట్టి అలాంటి లోపం ఉన్నా బయటివాళ్ల చేతికి అందడం కష్టం. కనబడేది ఎన్‌వీఆర్ ఒక్కటే, కాబట్టి జాగ్రత్త అంతా అక్కడే పెట్టాలి.

సరిగ్గా అక్కడే బిగించేవాళ్లు చేయి జారుస్తారు. ఫోన్లో చూడటానికి రెండు దారులున్నాయి. మొదటిది పోర్ట్ ఫార్వర్డింగ్: రౌటర్‌లో 80, 554, 8000 లేదా 37777 పోర్టులు తెరిచి ఎన్‌వీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్ మీద నిలబెట్టడం. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) ఉన్న సంస్థల్లో ఇప్పటికీ ఇలా చేసి వెళ్లేవాళ్లున్నారు. వద్దే వద్దు. తెరిచిన కొద్ది నిమిషాల్లోనే అలాంటి పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో వెతికే స్కానర్ ప్రోగ్రాములు తలుపు తడతాయి. రౌటర్‌లోనూ ఎన్‌వీఆర్‌లోనూ యూపీఎన్‌పీ కూడా ఆపించండి, లేదంటే ఎన్‌వీఆరే రౌటర్‌ను అడిగి పోర్టులు తెరిపించుకుంటుంది. రెండోది పీ2పీ, అంటే స్టిక్కర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కంపెనీ క్లౌడ్ ద్వారా చూడటం. చిన్న సంస్థకు ఇది చాలు, కానీ మూడు షరతులు. క్లౌడ్ ఖాతా సంస్థ మెయిల్ మీద ఉండాలి, బిగించిన కుర్రాడి ఫోన్ నంబరు మీద కాదు. స్ట్రీమ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండాలి. ఆ స్టిక్కర్ ఫోటో వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు. కరస్పాండెంట్, ప్రిన్సిపల్, వాచ్‌మన్ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుకోవడం మనవాళ్లలో మహా మామూలు. దానికి బదులు యాప్‌లోంచి ఎవరి ఖాతాకు వాళ్లకు షేర్ చేయాలి. వాచ్‌మన్‌కు లైవ్ చాలు, పాత రికార్డింగు చూసే హక్కు ఒకరిద్దరికి, చెరిపే హక్కు ఒక్కరికే. నెట్‌వర్క్ తెలిసినవాళ్లు మీ దగ్గర ఉంటే ఈ రెండు దారులూ మానేసి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మీకు మాత్రమే తెరుచుకునే దారి) పెట్టుకోవడం ఉత్తమం.

పాస్‌వర్డ్ విషయంలో ఈ కిట్‌కు ఒక అలవాటుంది. కొత్త కెమెరాను పీవోఈ పోర్టులో గుచ్చగానే ఎన్‌వీఆర్ తన పాస్‌వర్డునే దానికీ పెట్టేస్తుంది. ఎన్‌వీఆర్‌కు ఊరి పేరు, పక్కన 123 పెడితే ఎనిమిది కెమెరాలకూ అదే. కాబట్టి మొదటి కెమెరా గుచ్చక ముందే 12 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టించండి. రికవరీ మెయిల్ సంస్థదే ఇవ్వండి. వేరే చోట వాడిన పాత కెమెరా తెచ్చి గుచ్చితే "పాస్‌వర్డ్ తప్పు" అని వస్తుంది. అది పోర్టు పాడైనట్టు కాదు, కెమెరాను ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ గుచ్చితే సరిపోతుంది.

ఇక బొమ్మ నాణ్యత. 4 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 2560 పిక్సెళ్లు. అపరిచితుడి ముఖాన్ని అనుమానం లేకుండా గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు కావాలని ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. అంటే దృశ్యం వెడల్పు 10 మీటర్లు దాటకూడదు. కిట్‌లో మామూలుగా వచ్చే 2.8 మి.మీ. లెన్స్ దాదాపు 100 డిగ్రీలు చూస్తుంది కాబట్టి 4 మీటర్లు దాటితే ముఖం ఆ లెక్కకు అందదు. 4 మి.మీ. లెన్స్‌కు 6 మీటర్లు, 6 మి.మీ. లెన్స్‌కు 10 మీటర్ల దాకా వస్తుంది. ఎనిమిదీ 2.8 మి.మీ. తీసుకోవడం ఈ కిట్‌తో జరిగే అతి సాధారణమైన పొరపాటు. టీవీలో ఆవరణంతా కనిపించి బిగించిన రోజు అందరూ సంతోషిస్తారు. దొంగతనం జరిగిన రోజు తెల్లచొక్కా మనిషి ఒకడు వచ్చి వెళ్లాడని తప్ప ఇంకేమీ తెలియదు. ఆవరణకు 2.8, మెట్ల దగ్గర, రిసెప్షన్ దగ్గర 4, గేటుకు 6 అని కలిపి అడగండి, చాలా షాపుల్లో అదే ధరకు మార్చి ఇస్తారు. గేటు కెమెరాను పన్నెండు అడుగుల ఎత్తున పెడితే టోపీలే కనబడతాయి. ఎనిమిది అడుగుల దగ్గర, లోపలికి వచ్చేవాళ్ల ముఖానికి ఎదురుగా ఉండాలి. రాత్రి వాహనాల నంబర్ ప్లేటు కావాలంటే ఈ కిట్‌లోని మామూలు కెమెరా పనికిరాదు. హెడ్‌లైట్ వెలుగులో ప్లేటు తెల్లటి ముద్దయిపోతుంది. ఆ ఒక్క చోట మోటరైజ్డ్ లెన్స్ ఉన్న కెమెరా విడిగా కొని, షట్టర్‌ను 1/500 దాకా బిగించి, ప్లేటు మీదికి జూమ్ చేసి వదిలేయాలి.

గొట్టంలా ఉండే బుల్లెట్ రకం కెమెరాకు మేం పెట్టే వంక ఒక్కటే, సాలీడు. రాత్రి చూపు కోసం కెమెరాలో వెలిగే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైటు వెచ్చదనానికి పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు చేరి లెన్స్ ముందు గూడు కడతాయి. రాత్రి ఆ దారం తెల్లగా మెరుస్తూ ఊగుతుంటే మోషన్ అలర్టులు వందల్లో వస్తాయి. నెలకోసారి పొడిగుడ్డ కట్టిన కర్రతో దులపడమే మందు. బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ రకానికి ఇంకో బాధ ఉంది. పైగిన్నె మీద దుమ్ము, గీతలు పడితే దాని ఐఆర్ దాని కంటికే కొట్టి బొమ్మ పొగమంచులా తయారవుతుంది. గిన్నె లేని టర్రెట్ రకం దొరికితే లోపలికి అదే మేలు.

హార్డ్ డిస్క్ దగ్గర లెక్క నేర్చుకుంటే ఎవరూ మోసం చేయలేరు. సెకనుకు 1 మెగాబిట్ (1 ఎంబీపీఎస్) స్ట్రీమ్ రోజుకు 10.8 జీబీ తింటుంది. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 4 మెగాపిక్సెల్ కెమెరాకు 3 ఎంబీపీఎస్ పెడితే ఎనిమిదింటికి 24, అంటే రోజుకు 259 జీబీ. ముప్పై రోజులకు 7.8 టీబీ. కిట్‌తో వచ్చే 2 టీబీ డిస్కు వారం గడిచేసరికి నిండిపోయి పాతది చెరుపుకుంటూ పోతుంది. 8 టీబీ వేస్తేనే నెల వస్తుంది. ఈ ముప్పై రోజులు మనం సరదాకు పెట్టుకున్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చేసిన ప్రజా భద్రతా చర్యల చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ చేరే బడులు, ఆస్పత్రులు, దుకాణాలు, ప్రార్థనా స్థలాల వంటివి కెమెరాలు పెట్టి, రికార్డింగును 30 రోజులు భద్రపరచి, పోలీసు అధికారి అడిగితే ఇవ్వాలి. డిస్కు చిన్నదైతే లోపలి వరండాల కెమెరాలను 2 ఎంబీపీఎస్‌కు, ఫ్రేములను సెకనుకు 15కు దించొచ్చు. అన్నీ 2కు దించితే 8 టీబీ 46 రోజులు వస్తుంది. మోషన్ ఉన్నప్పుడే రికార్డు చేయించి స్థలం మిగుల్చుకోమని కొందరు సలహా ఇస్తారు. లోపలి గదులకు పర్వాలేదు గానీ గేటుకు మాత్రం 24 గంటలూ నడవాలి. సరిగ్గా కావలసిన పది సెకన్లే పోవడం ఆ పద్ధతిలో మామూలు.

డిస్కు రకం కూడా బిల్లు మీద చూడాలి. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి సర్వైలెన్స్ డిస్కులు ఏడాదికి 180 టీబీ రాతకు తయారైనవి. పైన చెప్పిన 24 ఎంబీపీఎస్ ఏడాదికి 95 టీబీ దాకా వస్తుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు 55 టీబీ స్థాయిది, రెండో ఎండాకాలం చూస్తుందన్న నమ్మకం లేదు. డిస్కు పోతే ఎన్‌వీఆర్ బీప్ కొడుతుంది, ఆ మోత భరించలేక మెనూలో బజర్ ఆపేస్తారు. ఆ తర్వాత లైవ్ చక్కగా వస్తూనే ఉంటుంది, రికార్డింగు మాత్రం ఉండదు. బజర్ ఆపనివ్వకండి. డిస్కు ఎర్రర్ మెయిల్ కూడా పెట్టించండి.

కేబుల్ దగ్గర జరిగే మోసం కంటికి కనబడదు. పెట్టె మీద క్యాట్ 6 అని ఉన్నా లోపల తీగ రాగిపూత పూసిన అల్యూమినియం కావచ్చు, దీన్నే సీసీఏ అంటారు. పరీక్ష సులువు. తీగ కొసను బ్లేడుతో గీకండి, లోపల వెండిరంగు తేలితే వెనక్కి పంపండి. రాగి కంటే దానికి నిరోధం సగానికి పైగా ఎక్కువ. పగలంతా బాగా పనిచేసిన కెమెరా చీకటి పడగానే ఆగి ఆగి మళ్లీ మొదలవుతోందంటే కెమెరాను తిట్టే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఐఆర్ వెలిగేసరికి కరెంటు ఎక్కువ లాగుతుంది, దూరం ఉన్న సీసీఏ తీగలో వోల్టేజి పడిపోతుంది, కెమెరా రీబూట్ అవుతుంది. రాగి కేబుల్‌కైనా హద్దు 100 మీటర్లు. ఎన్‌వీఆర్‌లో లాంగ్ డిస్టెన్స్ మోడ్ ఉంటే 10 ఎంబీపీఎస్ వేగంతో ఇంకా దూరం లాగొచ్చు. ఒక్క కెమెరాకు ఆ వేగం చాలు, కానీ అది అసలైన రాగి అయితేనే.

వాట్ల లెక్క కూడా ఒకసారి చూడండి. 802.3ఏఎఫ్ అనే పీవోఈ ప్రమాణం ప్రకారం పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, అలాగని ఎనిమిది పోర్టులకూ ఒకేసారి ఇవ్వగల శక్తి ఎన్‌వీఆర్‌కు ఉండదు. చాలా వాటి మొత్తం బడ్జెట్ 75 వాట్ల దరిదాపు. మామూలు ఐఆర్ కెమెరా 7 వాట్ల చొప్పున ఎనిమిదికి 56, ఇబ్బంది లేదు. రాత్రి తెల్లలైటు వేసి రంగుల్లో చూపించే రకం, తిరిగే పీటీజెడ్ రకం కలిపితే మాత్రం బడ్జెట్ దాటిపోయి చివర గుచ్చిన కెమెరా వెలగదు.

బయటి కనెక్షన్లలో వానాకాలం బయటపెట్టే తప్పు ఒకటుంది. కెమెరా తోకకు ఉన్న జాక్‌లో ఆర్‌జే45 (నెట్‌వర్క్ కేబుల్ కొసన ఉండే ప్లగ్గు) గుచ్చి, అలాగే గోడకు వేలాడదీసి వెళ్తారు. మొదటి వానకే పిన్నులు పచ్చబారి కెమెరా పోతుంది. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ వాటర్‌ప్రూఫ్ టోపీ పారేయకుండా వాడించాలి, జాయింటు జంక్షన్ బాక్సు లోపలే ఉండాలి, కేబుల్ బాక్సులోకి కిందినుంచి రావాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప బ్రాకెట్లు కూడా ఎక్కువ కాలం ఉండవు.

ఈ కిట్‌కు మేం చూసిన పెద్ద బలహీనత పిడుగు. పోర్టులన్నీ ఎన్‌వీఆర్ బోర్డు మీదే ఉండటంతో గేటు స్తంభం మీది కెమెరా వైరులోంచి వచ్చిన సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) ఒక కెమెరాతో ఆగదు. బోర్డే పోతుంది, దాంతో ఎనిమిదీ చీకటే. విడి పీవోఈ స్విచ్ అయితే స్విచ్‌తో పోయేది. భవనం గోడల మీది కెమెరాలకు భయం తక్కువ. స్తంభాల మీదివాటికి రెండు కొసలా ఎర్త్ చేసిన ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి, లేదా అంతకంటే మంచిగా స్తంభం దాకా ఫైబర్ వేసి రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే పెట్టెలు) పెట్టి, అక్కడే పీవోఈ ఇంజెక్టర్‌తో కరెంటు ఇవ్వాలి. గాజు తీగలోంచి పిడుగు రాదు. ఎర్త్ లేని ప్రొటెక్టర్ మాత్రం ఉన్నా లేనట్టే.

కరెంటు పోయినప్పుడు ఎన్‌వీఆర్, డిస్కు, కెమెరాలు కలిపి 90 వాట్ల లోపే లాగుతాయి. 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ అరగంట కూడా గట్టిగా రాదు. ఆఫీసులో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాని లైను మీదికి ఎన్‌వీఆర్‌ను, ఇంటర్నెట్ పెట్టెను కలిపి మార్చండి, రాత్రంతా నడుస్తాయి. ఎన్‌వీఆర్ ఉన్న గదికి తాళం ఉండాలి. రిసెప్షన్ బల్ల కింద పెట్టిన పెట్టెను దొంగ సంచిలో వేసుకుపోతే కెమెరాలు ఎన్ని ఉండి ఏం లాభం?

ఫుటేజీ కోర్టు దాకా వెళ్లే రోజు గురించి కూడా బిగించే రోజే ఆలోచించాలి. గడియారం ముఖ్యం. టైమ్ జోన్ 5:30 పెట్టి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేసి, ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ నడిపే సమయ్ సర్వర్లను ఇవ్వండి. ఎన్‌వీఆర్ ఆపి వెలిగించినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే లోపలి బటన్ సెల్ అయిపోయినట్టే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. కాబట్టి టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసి ఇవ్వడం పనికిరాదు. ఎన్‌వీఆర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి అసలు ఫార్మాట్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి, విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్ఏ256 హ్యాష్ తీసి, తేదీ, సమయం, ఎన్‌వీఆర్ సీరియల్ నంబరుతో రిజిస్టర్‌లో రాసుకోండి. ఘటన జరిగిన రోజే ఈ పని చేయాలి. డిస్కు ఎవరి కోసమూ ఆగదు.

కొనేటప్పుడు ఇంకొకటి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్ 9న సీసీటీవీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 ఏప్రిల్ నుంచి అవి గట్టిగా అమల్లోకి వచ్చాయి. సెక్యూర్ బూట్ (అసలు సాఫ్ట్‌వేర్‌తో తప్ప కెమెరా మొదలవకపోవడం), కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్, డీబగ్ పోర్టులు మూసి ఉండటం వంటివి అందులో ఉన్నాయి. తక్కువ ధరకు వస్తోందని పాత స్టాకు అంటగట్టే అవకాశం ఉంది కాబట్టి కెమెరా మీది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆర్-నంబరును, అంటే రిజిస్ట్రేషన్ నంబరును, మోడల్ పేరును బీఐఎస్ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇప్పటికే అనలాగ్ కెమెరాలు, డీవీఆర్ ఉండి, వాటి కోయాక్స్ (టీవీ కేబుల్ లాంటి) వైరు బాగుంటే ఈ కిట్ కోసం గోడలు పగలగొట్టక్కర్లేదు. ఆ కెమెరాలు నెట్‌వర్క్‌లోనే ఉండవు, డీవీఆర్ ఒక్కదాన్ని భద్రం చేసుకుంటే చాలు. మెమరీ కార్డు మీద నడిచే వైఫై కెమెరాలు మాత్రం సంస్థలకు వద్దు. కెమెరాతో పాటే రికార్డింగూ దొంగ చేతికి పోతుంది.

ఎనిమిది కెమెరాలూ కావాలనుకుంటే, వీలుంటే ఇదే తరహా కిట్‌ను పదహారు పోర్టుల ఎన్‌వీఆర్‌తో తీసుకోండి. ఎనిమిది పోర్టుల పెట్టెకు ఆరు కెమెరాలే తగిలించడం మంచిది. పోర్టు కాలిన రోజు పక్కదానిలోకి మార్చుకోవడానికి, గేటుకు రెండో కెమెరా కావాలనిపించిన రోజుకు మిగిలే ఆ రెండు పోర్టులూ పనికొస్తాయి. బిల్లు సంస్థ పేరు మీద, ప్రతి కెమెరా సీరియల్ నంబరుతో, డిస్కు వారంటీ విడిగా రాయించి తీసుకోండి.